పన్నెండో తలుపు

మూడు వేల దిర్హాములట
కొత్తయి వెట్టాలంటే.
బిల్డింగు వాచ్‌మన్ చెప్పి, లిఫ్టు దాక పోయి,
మళ్ల మర్రొచ్చి
"మీ పైసలే" అని గూడ జెప్పిండు.

గున్నమ్మ తాన రెండు వందల అరవై ఉన్నయి,
పోపుల డబ్బాల, జీలకర్ర కింద.
షార్జా రోలాల మూడో అంతస్తు,
ముప్పై నలుగురికి వండే వంటిల్లు.
అల్మారాల తలుపుల మీద
ఏడేండ్ల పోపు.

శుక్రవారం నాకు సెలవు.
సంచి దించి ఓ తలుపును గోటితోని గీకిన.
గోరు నిండ పసుపు పచ్చటి మడ్డి.
"ఏటి బాబూ, బతుకుద్దా?" అన్నది
డాక్టరు నడిగినట్టు.

మా నాయిన టేకును వేలితోని కొట్టి
దాని ఈడు చెప్పేటోడు.
ఇది టేకు గాదు, అసలు చెక్కనే గాదు.
రంపం కింద రాలిన పొట్టును
బంకతోని ఒత్తి, మీద సోకుకు ఒక కాగితం.
సింకు కాడ తడి తాగి ఉబ్బింది
చాయల ముంచిన బిస్కిటు తీరు.
గని పొట్టుకు గూడ ఓ ఇజ్జత్ ఉంటది.

ముందుగాల కడుగుడు.
వేడినీళ్లు, సిర్కా, గిన్నెలు తోమే సబ్బు.
మూడు బకెట్ల నల్లనీళ్లు పారవోసినంక
గున్నమ్మ నోరు దెరిసింది:
"తెలుపేటి! ఇన్నాళ్లూ నాను గోధుమనుకున్నాను."

బందుల మరలు వదులైన పొక్కలల్ల
పండ్లు కుట్టుకునే పుల్లలు
ఫెవికాల్‌ల ముంచి దిగ్గొట్టిన.
రేపటి దాక ముట్టొద్దన్న.
అర్ధగంటకే పప్పు డబ్బా తీసింది.
ఏం కాలే, పట్టింది.

ఉబ్బిన తలుపును తలకిందులు జేసిన.
చెడ్డంచు వోయి బండ కింద దాసుకున్నది.
గరుకు కాగితం, లప్పం, మళ్ల గరుకు కాగితం.
ఎవలో కలిపించుకొని వద్దన్న రంగు
సగం ధరకొచ్చింది.
దుకాణపోడు దాన్ని సముద్రమన్నడు.
నాకైతే చింతచిగురు లెక్క కొట్టింది.

పిడుల సంగతి వేరే.
మొన్న ఓ విల్లాల మూడేండ్ల వంటగదిని
పలగ్గొట్టింది మేమే.
మేడంకు ఇత్తడి మొకం మొత్తిందట.
చెత్తల వడ్డ పిడులు జేబుల వేసుకుంటుంటే
సూపర్‌వైజర్ గోడ దిక్కు తిరిగి చాయ తాగిండు.
పదకొండు దొరికినయి.
తలుపులు పన్నెండు.

ఆఖరిదానికి ఆమెనే తెచ్చింది
కొస అరిగిన అట్లకాడ.
వంచి, రెండు మరలు బిగిస్తే
అదే అన్నిటికన్న మంచిగ చేతిల ఇమిడింది.

పొద్దు గుంకంగ నూనె డబ్బా తీసిన.
బందుకు రెండు చుక్కలు.
కిర్రు కిర్రులు ఒక్కోటి సద్దుమణిగినయి.
పన్నెండో దాని కాడ నా చెయ్యి పట్టుకున్నది.
"దీన్నొగ్గేయ్ బాబూ."
"చెవులు తూట్లు వడ్తయి గదమ్మా."
"పడనీ."

శానాసేపటికి చెప్పింది,
ఉల్లిగడ్డలు కోసుకుంట, నా దిక్కు చూడకుంట.
ఎనక గదిల బెడ్‌స్పేసు పిల్లగాడు,
జెబెల్ అలీల పని.
రెండు నెలల సంది కంపెనీ జీతమిస్తలేదు.
మెస్సు మానేసిన, బయటనే తింటున్న
అని అందరికి జెప్తడు.
రాత్రి రెండింటికి చెప్పులు చేతవట్టుకొని వస్తడు.
ఈమె ఆ అల్మారాల
మూతవెట్టిన గిన్నె ఉంచుతది.
అడిగితే తినడట.
కిర్రుమంటే తిన్నట్టు లెక్క.
అనకపోతే ఈమెకు తెల్లారుడే తెల్లారుడు.

డబ్బాకు మూతవెట్టిన.
రంగు, కాగితం, లప్పం, బంక
అన్ని గలిపి నూట పద్దెనిమిది.
కూలి మాట ఆమె ఎత్తింది, నేనెత్తలే.

సజ్జా బస్సుకు ఇంక పావుగంట ఉంది.
మర్రొచ్చి పన్నెండో బందును
అర చుట్టు బిగించిన.
తీసి చూసిన.
మంచిగ అరిచింది.